బటన్ ముట్టకుండా గెలిచిన మావయ్య

కాలికి పిండికట్టు వేసుకుని వరండాలో కూర్చున్న లారీ నడిపే మావయ్యని కాలి సంగతి అడిగితే చాలు, మాట మార్చేసేవాడు. మళ్ళీ స్టీరింగ్ పట్టగలడో లేదో డాక్టరు ఇంకా తేల్చలేదు. ఆయన దిగులు చూడలేక మేనకోడలు తన చిన్నప్పటి వీడియో గేమ్ వెతికి తెచ్చి చేతిలో పెట్టింది. అరచేతిలో ఇమిడే డబ్బా. అందులో పూల్ ఆట: పచ్చ బల్ల, రంగు బంతులు, చుట్టూ గుంటలు. కర్రతో తెల్లబంతిని కొట్టి, దాంతో మిగతావాటిని గుంటల్లో పడెయ్యాలి; తెల్లది మాత్రం పడకూడదు.

ఆ సాయంత్రం ఆమె పనినుంచి వచ్చేసరికి ఎదురు షెడ్డు మెకానిక్కూ, టీకొట్టాయనా మెట్లమీద చేరి ఉన్నారు.

"ఒక్క దెబ్బకి రెండు బంతులు పడ్డాయిరా!" అంటున్నాడు మావయ్య.

"పడతాయిలే అన్నా, ఒక్కోసారి," అన్నాడు మెకానిక్కు.

"ఒక్కోసారా? ఆ తర్వాత ఏమైందో విను. మూడోదాన్ని కాస్త గట్టిగా కొట్టానా, ఇన్నేళ్ళు గేరు మార్చిన చెయ్యాయె, అది అద్దం దాటొచ్చి టప్పున నా ఒళ్ళో పడింది! పట్టుకునేలోపే మెట్లు దిగి, గేటు కిందనుంచి దూరి, నీ షెడ్డులోకే దొర్లింది. నువ్వేం చేశావ్? బేరింగు గోళీ అనుకుని ఆ ఇటుకల లారీ చక్రంలో బిగించేశావ్!"

"అందుకేనా! అది రోడ్డుమీద గుంట కనబడితే చాలు, దిగబడిపోతోంది!"

"మరి దాని పుట్టుకే గుంటలో పడటానికి కదరా!"

టీకొట్టాయన పకపకా నవ్వాడు. "భలేవాడివి బావా! మాటలు కోటలు దాటతాయి, కాలు గడప..." అని, నాలిక్కరుచుకున్నాడు.

మావయ్య కట్టువైపు చూసుకున్నాడు. అంతలోనే ఆయన గొంతు ఇంకో మెట్టెక్కింది.

"కాలిదాకా ఎందుకు, నాకు చెయ్యి కూడా అక్కర్లేదు! నన్ను చూస్తే చాలు, బంతులు వాటంతటవే పడిపోతాయి. నమ్మవా? చూడు."

డబ్బా ఒళ్ళో పెట్టుకుని, చేతులు కట్టుకున్నాడు. నిజంగానే తెల్లబంతి కదిలింది. ఎర్రది పడింది, పసుపుది పడింది. మెకానిక్కు నోరు తెరిచాడు.

మేనకోడలు వంగి చూసింది. ఆయన చెప్పిందాంట్లో నిజమంటూ ఉంటే, బంతులు వాటంతటవే పడటం ఒక్కటే.

"మావయ్యా, నీ కళ్ళజోడేదీ?"

"గద్దచూపు నాది. కళ్ళజోడెందుకే?"

"కింద అక్షరాలు మిణుకుమిణుకుమంటున్నాయి, అందుకు. 'మొదలుపెట్టడానికి స్టార్ట్ నొక్కండి' అంటోంది. ఆట ఎలా ఆడాలో డబ్బాయే ఆడి చూపిస్తోంది. నువ్వింకా మొదలే పెట్టలేదు."

టీకొట్టాయన నవ్వి నవ్వి మెట్టుమీంచి జారాడు. మావయ్య ముఖం చిన్నబోయింది. ఆమె పక్కన కూర్చుని స్టార్ట్ నొక్కి, డబ్బా ఆయన చేతికిచ్చింది.

"ఇప్పుడు నీ వంతు."

మావయ్య జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టి కొట్టాడు. రంగు బంతులు ఎక్కడివక్కడే ఉన్నాయి. తెల్లబంతి తిన్నగా వెళ్ళి గుంటలో పడింది.

అందరికంటే ముందు ఆయనే నవ్వాడు, కట్టుకట్టిన కాలు కదిలిపోయేలా.

"చూశార్రా! రంగు బంతుల్ని ఎవడైనా పడేస్తాడు. కొట్టే తెల్లదొరనే గోతిలో దింపినవాడు ఎక్కడైనా ఉన్నాడా?"

"లేడు మావయ్యా," అంది మేనకోడలు. "ఏదీ, ఇంకోటి కొట్టు."