శ్యామ్‌సుందర్ గారి ఒకే ఒక్క క్లిక్కు

1989 జూన్ 19, సోమవారం నాడు శ్రీ శ్యామ్‌సుందర్ గారు ఆబిడ్స్‌లోని మన కార్యాలయంలో, అప్పట్లో మనం అచ్చువేసే వ్యాపారుల టెలిఫోన్ డైరెక్టరీకి వివరాలు సేకరించే ఉద్యోగిగా చేరారు. అదే ఉదయం, అదే పనికి, ఆయన మిత్రులు గట్టయ్య గారూ చేరారు. నాంపల్లిలో ఒకే కిరాయి గదిలో ఉంటూ, బేగం బజార్‌ను చెరిసగం పంచుకొని తిరిగిన ఆ ఇద్దరిలో, ఏడాది తరువాత ఉన్న ఒక్క పర్మనెంటు ఉద్యోగం శ్యామ్‌సుందర్ గారికి దక్కింది. ఆ వారమే గట్టయ్య గారు ఎవరికీ చెప్పకుండా గది వదిలి వెళ్లిపోయారు.

డైరెక్టరీ కాలం ముగిసి సంస్థ ‘ఆచూకీ’ సెర్చ్ ఇంజన్‌గా మారినప్పుడు, వీధివీధినీ కాలినడకన ఎరిగిన శ్యామ్‌సుందర్ గారే సమాచార విభాగానికి ఆధారమయ్యారు. అంతవరకు బయటి ప్రకటనల సంస్థలు పంపేవాటికి మన పేజీలలో చోటిస్తూ వచ్చిన మనం 2008లో సొంత ప్రకటనల పథకాన్ని ప్రారంభించినప్పుడు, దాని బాధ్యతా ఆయనకే అప్పగించారు. ప్రకటనను ఎవరైనా క్లిక్ చేస్తేనే వ్యాపారికి ఖర్చు, రోజువారీ పరిమితి దాటితే ప్రకటన ఆగిపోతుంది: ఇదీ ఆ పద్ధతి.

తొలివారంలోనే నాంపల్లి సూట్‌కేసుల వ్యాపారి రాంచందర్ గారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

“ఏంది శ్యామన్నా, పొద్దున పదింటికే నా యాడ్ మాయమైంది?”

“ఎవరు క్లిక్ చేసిన్రు సేటూ?”

“ఎవరేంది, నేనే! దుకాణానికి వచ్చినోళ్లందరికీ చూపిస్తున్న. మా బామ్మర్ది గూడ నాలుగుసార్లు కొట్టిండు.”

“గట్లైతే మీ దుకాణంల మీరే గిరాకీ!”

ఆఫీసంతా నవ్వింది. ఆ వారమే ఆయన ఒక నియమం చేయించారు: దుకాణదారులు తమ ప్రకటనలపై చేసుకునే క్లిక్కులకు, మన ఆఫీసు నుంచి జరిగే క్లిక్కులకు ఖర్చు పడదు, వారపు నివేదికలో అవి వేరే కాలమ్‌లో కనిపిస్తాయి.

పథకం ప్రారంభంలో ఉద్యోగులందరికీ తలా ఒక ఉచిత ప్రకటన ఇచ్చారు. మేమంతా పరిహాసాలు రాసుకున్నాం. ఆయన మాత్రం, గట్టయ్య అనే పేరును వెతికినవారికే కనిపించేలా, ఇలా రాశారు: “గట్టయ్యా, ఆబిడ్స్ ఆఫీసులనే ఉన్న. ఒక్కసారి వచ్చిపో. నీ శ్యామ్.” ప్రతి మనిషీ ఎప్పుడో ఒకప్పుడు తన పేరు తానే వెతుక్కుంటాడని ఆయన నమ్మకం. ప్రతి సోమవారం నివేదిక తెరిచేవారు. సున్నా చూసి మూసేవారు. 2012లో పదోన్నతిపై మాదాపూర్ కార్యాలయానికి రమ్మన్నా వెళ్లలేదు. ప్రకటనలో ఆబిడ్స్ అని ఉంది కదా అన్నారు.

2016లో ఒక మధ్యాహ్నం, ఆఫీసులో ఒంటరిగా ఉన్న నేను ఆ పేరు టైపు చేసి, ఆ ప్రకటనను క్లిక్ చేశాను. ఎందుకో నేటికీ పూర్తిగా చెప్పలేను. నా కోసం ఎవరూ అలా ఎదురుచూడటం నేనెరుగను. ఆ ఎదురుచూపును ఒక్కసారి తాకాలనిపించింది కాబోలు. సోమవారం ఆయన నివేదిక ముందు చాలాసేపు కూర్చున్నారు. తరువాత కిందికి వెళ్లి అందరికీ ఉస్మానియా బిస్కెట్లు తెచ్చారు. గట్టయ్య గారే చూశారని ఆయన నమ్మినట్టు నేను అనుకున్నాను. తొమ్మిదేళ్లు నోరు విప్పలేదు.

ఆయన పదవీ విరమణ దగ్గరపడటంతో, పోయిన వారం చెప్పేశాను. ఆయన నవ్వారు.

“నాకు ఎర్కనే రత్నాకర్ సార్. ఆఫీసు క్లిక్కులకు వేరే కాలమ్ పెట్టించింది నేనే గదా. మీ ఒక్క క్లిక్కు గా కాలమ్‌లనే పడ్డది.”

“మరి బిస్కెట్లెందుకు తెచ్చారు?”

“ఎనిమిదేండ్లకు ఒక్కరన్న వాని పేరు చదివిన్రని.”

ఉద్యోగి పదవీ విరమణ చేసిన రోజే ఆయన ఉచిత ప్రకటనా తొలగిపోవాలన్నది నిబంధన. అందుకే, యాజమాన్యం అనుమతితో, ఈ సోమవారం నుంచి ఆ ప్రకటనను ఒక్క అక్షరం మార్చకుండా నా వాటాకు బదిలీ చేసుకున్నాను. నాకు ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. శ్యామ్‌సుందర్ గారూ, గట్టయ్య గారు వస్తే మీ కుర్చీలోనే కూర్చోబెట్టి మీకు ఫోన్ చేస్తాను.

ఆ ఫోన్ మోగిన నాడు, తన సతీమణి శ్రీమతి శశికళ గారి చేయి అందుకొని, నాంపల్లి నుంచి నడిచి వచ్చి మన మెట్లు ఆగకుండా ఎక్కగలిగేంత ఆరోగ్యం శ్యామ్‌సుందర్ గారికి ఉండాలని, అది ఎంత ఆలస్యమైనా సరే, అంతటి ఆయుష్షు ఆయనకు సమకూరాలని మనసారా కోరుకుంటున్నాను.