టైటస్ ఒప్పుకోవాలంట

ఇందుకూరుపేటలో ఐసు వ్యాపారి అజారుద్దీన్ ఇల్లు. మధ్యాహ్నం. ఇంట్లో లైట్లు, మోటారు నడిపేదానికి జబీనా తయారుచేసిన చిన్న కంప్యూటరు పెట్టె, దాని తెర వంటింటి గోడకు బిగించి ఉన్నాయి. తెర ముందు అతను, అతని భార్య జబీనా.

"జరుగు జబీనా, నేను చూస్తానంటుంటే."

"మీరెందుకండీ? చెయ్యి కడుక్కుని రండి, అన్నం పెడతా. అది నేను చేసుకుంటాలే."

"అన్నం తర్వాత. రేపు మైపాడు దిక్కు చెరువుల్లో రొయ్య పడతన్నారు. ఏ చెరువుకు ఎంత ఐసు, ఏ బండి ఎప్పుడు పోవాల, అంతా క్యాలెండర్లో రాసి పెట్టుండా. ఈడ చూస్తే ఒక్కటీ లేదు. తెల్లగా సున్నం కొట్టినట్టుండాది."

"లైట్లు పనిచేస్తుండాయి గదా. మోటారు పనిచేస్తాంది. ఆ క్యాలెండరు లింకు ఒక్కటే తెగింది."

"నాకు కావాల్సింది ఆ ఒక్కటే."

"మీ ఫోన్లో ఉంటాది గదా?"

"ఫోన్లో ఉంటే నేనొక్కడినే చూస్తా. డ్రైవర్లకు మెసేజీ కొట్టేది ఈ పెట్టె. క్యాలెండరు దానికి కనపడకపోతే వాళ్ళకు ఎట్టా తెలుస్తాది?"

"మళ్ళీ లాగిన్ కావాల, అంతే. నేను అవుతా. మీరు పక్కకు రండి."

"మళ్ళీ అంటే? ముందు కూడా తెగిందా?"

"అప్పుడప్పుడూ."

"నాకు చెప్పలేదే."

"మీరు వచ్చేలోగా అయిపోతాది. చెప్పేదేముంది?"

"సరే, ఈసారి నేను చేస్తా. నొక్కినా. ఎవరి ఖాతా అని అడుగుతాంది."

"నాది పెట్టండి. మీ క్యాలెండరు దాంట్లోనూ కనపడతాది."

"నీదెందుకు? ఆర్డర్లు నావి, క్యాలెండరు నాది. నాదే పెడతా."

"వద్దండీ, నాది పెడితేనే..."

"పెడితేనే?"

"...తొందరగా అయిపోతాది."

"అయిపోయిందిలే, పెట్టేసినా. పాస్‌వర్డు కూడా కొట్టినా. చూడు... ఏందిది?"

"వెనక్కి నొక్కండి."

"ఉండు, చదవనీ. 'ప్రవేశం లేదు. ఈ యాప్ ఇంకా పరీక్షలో ఉంది. తయారుచేసినవారు అనుమతించిన వారికి మాత్రమే'... అనుమతించిన వారికి మాత్రమే! దీన్ని చేసింది నువ్వే గదా?"

"నేనే."

"మరి కింద టైటస్ అని ఉండాదే?"

"వెనక్కి నొక్కండన్నా గదా."

"టైటస్ ఎవరు జబీనా?"

"అది... ఏదో కంపెనీ పేరై ఉంటాది."

"కంపెనీకి టైటస్ అని పెడతారా? మెయిల్లో పేరు పక్కన పుట్టిన సంవత్సరం కూడా పెట్టుకున్నాడు. నాకంటే చిన్నోడు."

"వయసు లెక్కేస్తా కూర్చున్నారా?"

"మాట మార్చొద్దు. వీడియోలు చూసి నేర్చుకున్నానన్నావు. ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకున్నా నేను. మా ఆవిడ ఒక్కతే చేసింది, పెట్టె మా ఇంట్లోనే ఉండాది, మా ఇంటి సంగతులు బయటికి పోవు అని."

"చేసింది నేనే. ఈ క్యాలెండరు దగ్గర ఆగిపోతే అడిగినా. చెప్పినారు. తప్పా?"

"చెప్పినారు! గౌరవం కూడానా?"

"అన్నం చల్లారిపోతాది."

"చల్లారనీ. నీది పెడితే ఒప్పుకుంటాడు, నాది పెడితే ఒప్పుకోడు. అంతేనా? నా ఇల్లు, నా గోడ, నా ఐసు. నన్ను రానిచ్చేదానికి ఎవడో టైటస్ ఒప్పుకోవాలంట!"

"ఒప్పుకునేదేం కాదండీ. ఆ యాప్‌లో మెయిళ్ళు చేర్చుకోవాల. నా ఒక్కదానిదే చేర్చినారు."

"నా పేరు చెప్పేదానికి నీకు నోరు రాలేదా?"

"అరవకండి, పక్కింటోళ్ళు వింటారు."

"నీకు మొగుడున్నాడని వాడికి తెలుసా?"

"తెలుసు. బాగా తెలుసు."

"బాగా అంటే?"

"బాగా అంటే బాగానే. ఇంకేం చెప్పను?"

"ఎన్నిసార్లు మాట్లాడినావు వాడితో?"

"తెగినప్పుడల్లా."

"ఎప్పుడెప్పుడు తెగుతాది?"

"వారానికోసారి."

"వారం వారమా! వాడే తెంపతన్నాడేమో!"

"పరీక్షలో ఉన్న యాప్ అంతేనండీ. వారం దాటితే ఆ లాగిన్ చెల్లదు. పరీక్షలోంచి తీసేస్తే అంత తొందరగా తెగదు."

"మరి తీసేయలేదే?"

"తీసేయమని నేను అడగలేదు."

"ఎందుకడగలేదు?"

"...అడగలేదు. అంతే."

"మొన్న నేను గేటు తీస్తుంటే ఫోన్లో నవ్వతన్నావు. నన్ను చూసి పెట్టేసినావు. ఎవరంటే మా అక్క అన్నావు. నాతో ఎప్పుడన్నా అట్టా నవ్వినావా?"

"మీరెప్పుడు నవ్వించినారు?"

"ఫోన్ చెయ్యి వాడికి."

"వద్దండీ. నా మాట వినండి, నా ఖాతా పెడితే ఇప్పుడే..."

"స్పీకర్లో పెట్టి చెయ్యి. నేను నోరెత్తను. వాడి గొంతు వినాల నేను. ఎట్టా మాట్లాడతాడో వినాల."

"కోప్పడకూడదు మరి."

"నాకేం కోపం? నాకెందుకు కోపం? చెయ్యి."

"చేస్తుండా. మోగతాంది."

"వదినా! మళ్ళీ తెగిందా? అన్న ఇంట్లో లేడు గదా?"

"సాహిరా, మీ అన్న పక్కనే ఉన్నాడు."

"జబీనా, ఎవరిది? ఇది... మా సాహిరా గొంతు గదా?"

"మీ చెల్లెలేనండీ. టైటస్ ఆమె పెళ్ళి చేసుకున్న మనిషి. చర్చికి పోయే వాళ్ళబ్బాయి అన్న మాట చెవిన పడంగానే తలుపేసినారు మీరు. పేరు కూడా అడగలేదు."

"అన్నా, వదినను ఏమీ అనొద్దు. మొదట ఫోన్ చేసింది నేనే. ఖాతా ఆయనది, పని చేసేది నేను. ఇళ్ళకు ఇట్టాంటివి బిగించి బతకతన్నాం."

"ఏడ ఉంటావు?"

"తోటపల్లి గూడూరులో."

"ఇంత దగ్గరనా? మన ఐసు బండి రోజూ ఆ దారినే పోతాది."

"మా ఇంటి ముందరే పోతాది. అప్పుడప్పుడు నువ్వే తోలుకుని పోతావు. చూస్తుంటా."

"చూసి?"

"చూసి లోపలికి పోతా."

"మరి మీ వదినతో మాట్లాడేదానికి దారి దొరికిందా?"

"ఇది తెగకుండా చెయ్యొచ్చన్నా. వదినకూ తెలుసు. తెగకపోతే ఫోన్ చేసేదానికి ఏం సాకు ఉంటాదని మేమే అట్టా వదిలేసినాం."

"అయితే ఆ నవ్వేది దీంతోనా జబీనా?"

"దీంతోనే."

"వారం వారం?"

"వారం వారం."

"నాకు ఉన్నది ఒక్కతే చెల్లెలు. దీని గొంతు ఎట్టా ఉంటాదో మరిచిపోతానేమోనని ఒక్కోసారి బండి ఆపుకుని గుర్తుతెచ్చుకునేవాణ్ణి. నీకేమో వారం వారం దొరికింది. నా చెల్లెలు నీకు దొరికింది, నాకు దొరకలేదు."

"మీరు అడిగుంటే అప్పుడే కలిపేదాన్ని."

"ఎట్టా అడుగుతా? వద్దన్నోణ్ణి నేనే గదా. నిజంగా ఆ టైటసే అయ్యుంటే బాగుండేది. వాణ్ణి తిట్టి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవర్ని తిట్టాల?"

"నన్ను తిట్టు అన్నా."

"పిల్లలా?"

"ఒక పాప."

"ఎవరి పోలిక?"

"ముక్కు మాత్రం నీదే."

"జబీనా, నువ్వు చూసినావా పాపను?"

"చూసినా."

"ఎత్తుకున్నావా?"

"...ఎత్తుకున్నా."

"ఎత్తుకుంది! నేను మేనమామను. నాకు పాపుందనే తెలీదు. ఈమె ఎత్తుకుని వచ్చి, నాకు అన్నం పెట్టి, ఏమీ ఎరగనట్టు పడుకుంది."

"అన్నా, నీ మెయిలు చెప్పు. చేరుస్తా."

"నీకు తెలీదా?"

"తెలుసు. నువ్వు చెప్తే విందామని."

"...అజార్ ఐసు. అంతా కలిపి."

"చేర్చినా. ఇప్పుడు మళ్ళీ లాగిన్ అవ్వు. పరిశీలించని యాప్ అని బెదిరిస్తాది. ముందుకు పోనీ."

"పోనిచ్చినా. 'అనుమతించు'... అది కూడా నొక్కినా. వచ్చినాయి. ఆర్డర్లన్నీ వచ్చినాయి జబీనా."

"వచ్చినాయి గదా. ఇంక అన్నం తినండి."

"అన్నం కాదు, బండి తాళాలు తే. పోతా. ఇప్పుడే పోతా... కానీ అమ్మ? సాహిరా, అమ్మకు ఏమని చెప్పేది? నువ్వు పోయినరోజు అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూసే గదా ఈ ఇంట్లో నీ పేరు ఎత్తొద్దన్నాను. అమ్మ చిట్టమూరుకు చుట్టాలింటికి పోయుండాది. సాయంత్రం రానీ. కూర్చోబెట్టి మెల్లంగా చెప్పి..."

"అన్నా, అమ్మ చిట్టమూరు పోలేదు."

"పొద్దున నేనే బస్సెక్కించినా!"

"మధ్యలో దిగి ఈడికి వచ్చింది. ఎప్పుడూ అట్నే వస్తాది. ఇందమ్మా, మాట్లాడు."

"అమ్మా? నువ్వేనా? నీకూ తెలుసా? అందరికీ తెలిసి నాకొక్కడికేనా తెలీనిది? నువ్వు బాధపడతావనే గదమ్మా నేను ఇన్నేళ్ళూ..."

"నువ్వు కోప్పడతావని నేనూ నోరు మూసుకున్నారా అజారూ. ఆ రోజు నేనేడ్చింది అది పోయినందుకు కాదురా నాయనా, నువ్వు తలుపేసినందుకు."