ఎనామిల్ బేసిను, ఒక మెమో

1945వ సంవత్సరం జూన్ పదకొండవ తేదీన, ఇరవై రెండేళ్ల ప్రాయంలో మన ఆసుపత్రి మెట్లెక్కిన స్టాఫ్ నర్సు శ్రీమతి శౌరమ్మ గారు, ముప్పై మూడేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. బెజవాడ ఎండలకూ, పెద్ద డాక్టర్ల కోపాలకూ సమానంగా తట్టుకొని నిలబడిన ఆమెను అభినందించే భాగ్యం కలిగినందుకు ఈ వ్యాసకర్త డాక్టర్ బసవపున్నయ్య ధన్యుడు.

ప్రసూతి వార్డులోనూ శస్త్రచికిత్స విభాగంలోనూ పదమూడేళ్లు పనిచేసి, 1958లో ఆమె చర్మవ్యాధుల విభాగానికి వచ్చారు. ఒంటిమీద ఏ ఎర్రదనం కనబడినా మన డెల్టా ప్రజలు దాన్ని పొక్కులు లేచే సర్పిగా నిర్ణయించి ఎర్రటి జేగురుమన్ను పూసుకొస్తారు. అందుకని ఆమె ప్రతి రోగినీ బల్లమీద కూర్చోబెట్టి, ఎనామిల్ బేసినులో గోరువెచ్చని నీళ్లతో కాళ్లు కడిగాకే డాక్టరు ముందుకు పంపేవారు. "డాక్టరుగారు చూడాల్సింది నీ జబ్బునా, నీ జేగురునా?" అని దెబ్బలాడుతూనే కడిగేవారు. జేబులో ఒక గాజు పలక ఉండేది. దాన్ని మచ్చమీద నొక్కితే ఎరుపు చెదిరిపోవాలి. పోలేదంటే చర్మంలోని సన్నని రక్తనాళాలు వాచి, నెత్తురు బయటికి ఊరిందన్నమాట.

1973 ఆగస్టులో మైలవరం వైపు నుంచి సంపూర్ణమ్మ అనే అవ్వ, పదకొండేళ్ల మనవరాలు రామతులసిని తీసుకొచ్చింది. మోకాళ్ల కిందంతా జేగురే. ఉద్యోగంలో చేరి మూడు నెలలైనా కాని బసవపున్నయ్య కుర్చీలోంచి లేవకుండానే మందు రాయబోయాడు.

"రెండు కాళ్లకీ ఉందండీ. సర్పయితే ఒక పక్కేగా వచ్చేది? కడిగి చూద్దాం," అన్నారు శౌరమ్మ గారు, బేసిను పట్టుకొని.

"సర్పేలెండి, సిస్టర్‌గారూ. బయట లైను చూశారా?" అంటూ అతడు మందు రాసి పంపేశాడు.

నాలుగోనాడు ఆ పిల్ల కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ మళ్లీ వచ్చింది. శౌరమ్మ గారు ఎవరినీ అడగకుండా కాళ్లు కడిగి గాజు పలక నొక్కారు. ఎరుపు కదలలేదు. మూత్రంలో రక్తం పోతోంది. నాళాల వాపు మూత్రపిండాల దాకా పాకింది. పిల్ల దక్కుతుందో లేదో తెలియని ఆ రెండు వారాలూ బసవపున్నయ్యకు అన్నం సహించలేదు.

మొదటిరోజు కాళ్లు కడగకుండా ఎందుకు పంపారని విభాగాధిపతి హనుమయ్య గారు నిలదీశారు. బసవపున్నయ్య నోరు తెరిచి చెప్పేలోపే, "కడగాల్సింది నేనేనండీ," అన్నారు శౌరమ్మ గారు. ఆయన అక్కడికక్కడే ఆమెకు మెమో ఇచ్చారు. తెరిచిన నోరు బసవపున్నయ్య మూసుకున్నాడు.

వరండాలో అతడు తల దించుకొని నిలబడితే, "మీకింకా బోలెడు సర్వీసుందండీ. మెమోతో మొదలెట్టుకుంటారా? ముందు పిల్ల సంగతి చూడండి," అన్నారామె.

రెండు నెలలకు రామతులసి కోలుకొని, తన కాళ్లతో తాను నడిచి ఇంటికి వెళ్లింది. ఈ ఏడు పదో తరగతి పాసయింది. బసవపున్నయ్య ఆనాటి నుంచి కడగని కాలు చూసి మందు రాయలేదు గాని, నిజం చెప్పడానికి మాత్రం అయిదేళ్లు పట్టింది. మచ్చలేని ఆమె సర్వీసు పుస్తకంలో ఉన్న ఆ ఒక్క మెమో అతడిది. దాన్ని తన పేరిట మార్చమని అతడు మొన్న సూపరింటెండెంటు గారికి రాసిచ్చాడు. వారు నిన్ననే సంతకం చేశారు.

ఆ మాట చెబితే శౌరమ్మ గారు, "ఇప్పుడెందుకండీ ఆ గొడవ? బేసినుకు చిల్లి పడకముందే కొత్తది తెప్పించండి, చాలు," అన్నారు.

కొత్తది వచ్చింది, శౌరమ్మ గారూ. వేలమంది పాదాలు కడిగిన మీ చేతులకు విశ్రాంతీ, వంగి వంగి అరిగిన మీ నడుముకు సత్తువా కలగాలనీ, మనుమల పెళ్లిళ్లలో ముందు వరుసన కూర్చొని అందరినీ ఇలాగే దెబ్బలాడుతూ నిండు నూరేళ్లు చల్లగా ఉండాలనీ మా అందరి ప్రార్థన. వచ్చే నెల ఒకటి నుంచి ఆ బేసిను బసవపున్నయ్య పట్టుకుంటాడు.