సాయంత్రాలు తిరిగి ఇప్పించిన అధికారిణి

1989వ సంవత్సరం ఆగస్టు పదహారవ తేదీన సంక్షేమ గృహాల తనిఖీ శాఖలో కనిష్ఠ సహాయకురాలిగా ప్రవేశించి, ముప్పై అయిదేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున ప్రధాన తనిఖీ అధికారిణిగా పదవీ విరమణ చేస్తున్న మా మేడం గారిని అభినందించే భాగ్యం నాకు దక్కింది. ఆమె చేత అందరికన్నా ఎక్కువ చివాట్లు తిన్నవాణ్ణి నేనేనని, ఈ పని అప్పగించినవారికి తెలిసే ఉండాలి.

తొలి ఆరేళ్ళూ ఆమె దస్త్రాల గదిలో గడిపారు. గృహాల నుండి వచ్చే నివేదికలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండడం, ఎక్కడా ఎవరికీ ఏ లోటూ లేకపోవడం ఆమెకు అక్కడే అనుమానం కలిగించింది. 1995లో క్షేత్ర తనిఖీకి మారగానే ముందుగా కబురు చేయడం మానేశారు. మేధో వైకల్యం గల పెద్దలు నివసించే గృహాల్లో వంటవాళ్ళు ఆమెకు "చుట్టం మేడం" అని పేరు పెట్టారు, చెప్పాపెట్టకుండా దిగుతారని.

2008 నాటికి అటువంటి ఒక గృహానికి నేను పదకొండేళ్ళుగా నిర్వాహకుణ్ణి. ఇరవై మంది నివాసులు, అద్దంలా మెరిసే గదులు, ఒక్క కొట్టివేత లేని రిజిస్టర్లు. ఒకనాడు సాయంత్రం అయిదున్నరకు ఆమె వచ్చేసరికి అందరూ భోజనాలు ముగించి, నైట్ డ్రెస్సులు వేసుకుని మంచాలెక్కి ఉన్నారు. కిటికీలోంచి ఎండ పడుతోంది.

"మా పిల్లలు మంచి క్రమశిక్షణ గలవాళ్ళండీ," అన్నాను గొప్పగా.

"మీ పిల్లల్లో ఈయనకి యాభై రెండేళ్ళు," అంటూ ఆమె ఒక మంచం పక్కకు కుర్చీ లాక్కున్నారు. ఆ నివాసిని మేమంతా పెద్దన్న అనేవాళ్ళం. "ఏమండీ, అప్పుడే నిద్రొస్తోందా?"

"రాదండీ. ఆయమ్మలు ఆరింటికి వెళ్ళాలి. లేటయితే బస్సు పోతుంది. అందుకని కళ్ళు మూసుకుంటాను."

"తర్వాత?"

"చెల్లెలొస్తుంది. పడుకున్నాడమ్మా అని వాచ్‌మన్ చెప్తాడు. నాకు వినిపిస్తుంది."

"మరి లేవరా?"

"లేవకూడదు కదండీ."

ఆ చెల్లెలు టైలరు. షాపు మూసి వచ్చేసరికి ఆరున్నర దాటేది. నెలకొక్క సెలవు రోజున తప్ప అన్నను మెలకువగా చూసి ఎరగదు. ఆ వేళాపట్టిక నేను వేసిందే. తల కొట్టేసినట్టయింది; అయినా బుకాయించాను.

"మనుషుల్లేరండీ. నన్నేం చేయమంటారు?"

"ముందు డ్యూటీ చార్టు తెండి."

గృహం మూయిస్తారనే అనుకున్నాను. ఆమె మూడు మధ్యాహ్నాలు ఆయాలతో కూర్చున్నారు. నడిచి వెళ్ళేంత దూరంలో ఇళ్ళున్న ఇద్దరిని ఒంటిగంట నుండి తొమ్మిది వరకు పనిచేయడానికి ఒప్పించారు. రాత్రి భోజనం ఏడున్నరకు మారింది. నివేదికలో మాత్రం నన్ను వదల్లేదు: "ఈ గృహంలో శుభ్రత ఉంది, సాయంత్రం లేదు" అని రాశారు. చాలా రోజులు ఒళ్ళు మండింది నాకు.

అనంతర కాలంలో సాయంకాలపు తనిఖీని శాఖ నిబంధనగా చేర్పించినదీ, పెద్దవారిని గురించి నివేదికల్లో "పిల్లలు" అని కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేసినదీ ఆమెయే. "ఏది ఎక్కడ దాస్తారో మీకు తెలుసు కదా, రండి" అని నన్ను ఈ శాఖలోకి పిలిచిందీ ఆమెయే. వారి భర్తగారూ, అమ్మాయిలూ ఎన్నో పూటలు ఆమె లేకుండానే భోంచేశారు. అందుకు వారిని శాఖ తరఫున మన్నించమని కోరుతున్నాను.

పెద్దన్న నిరుడు కన్నుమూశారు. ఈ అభినందన సంచిక కోసం ఆయన చెల్లెలిని ఒక మాట అడిగాను.

"వేళలు మారాక రోజూ షాపు గుండీలు తెచ్చిచ్చేదాన్నండీ. రంగులవారీగా ఏరిపెట్టేవాడు, ఈల వేస్తూ. చిన్నప్పుడు వేసేవాడు. మరిచిపోయాడనుకున్నాను," అన్నది.

అంతకు ముందు పదకొండేళ్ళు అదే కప్పు కింద ఉండి, నేను ఆ ఈల ఒక్కసారి కూడా వినలేదు. దాన్ని ఆ చెల్లెలికీ, నాకూ వినిపించిన మేడం గారూ, మీరు సంపూర్ణ ఆరోగ్యంతో, మీ వారందరి నడుమ నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.