మూత తీసి తినడమే

వంటసామాన్ల దుకాణం. ముందు గదిలో గిరాకీ, వెనక గదిలో కప్పు దాకా పేర్చిన అట్టపెట్టెలు. ఆ పెట్టెల మధ్య నిలబడి, స్లో కుక్కర్లు, అంటే కరెంటు మీద రోజంతా సన్న సెగన ఉడికించే గిన్నెలు, అమ్మే కోడలు ఇంటికి ఫోను చేసింది. ఎత్తింది అత్తగారు. ఏ సరుకునైనా మాటతో అమ్మగల కోడలికి ఆ సాయంత్రం మాట తడబడుతోంది.

"మూత తీయకండి అత్తయ్యా! ముందు ఆ స్విచ్చి ఆపెయ్యండి. పొద్దున నేను పెట్టి వచ్చిన రాజ్మా ఎవరూ ముట్టుకోకండి."

"ఏమైందే? ఎందుకలా అరుస్తావు? ఉండు, టీవీ సౌండు తగ్గించనీ..."

"టీవీ సంగతి తర్వాత! ఎవరన్నా తిన్నారా?"

"చిట్టి తిన్నది. బడి నుంచి వస్తూనే ఆకలి ఆకలి అని ప్రాణం తీసింది. పెట్టాను."

"ఎంత తిన్నది?"

"ఎంతేమిటి, పిల్ల తిన్నంత తిన్నది. రెండోసారి అడిగి మరీ వేయించుకుంది."

"అయ్యో దేవుడా... మీరూ తిన్నారా?"

"దానితో పాటే నేనూ ఒక గరిటెడు వేసుకున్నాను. ఏమిటే, ఏడుస్తున్నావా?"

"దాన్ని పిలవండి అత్తయ్యా. కడుపులో నొప్పిగా ఉందేమో అడగండి. వాంతి వచ్చేట్టుందేమో అడగండి."

"మేడ మీద తాడాట ఆడుతోంది. దాని గంతులకి ఇక్కడ గిన్నెలు అదురుతున్నాయి."

"ఆట మాన్పించండి. ఏదో ఒక బండి పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నేను నేరుగా అక్కడికే వస్తాను."

"ఎగురుతున్న పిల్లకి ఆసుపత్రి ఎందుకే? నీకేమన్నా పిచ్చా?"

"మా దగ్గర స్లో కుక్కర్ కొన్న ఒకాయన ఇప్పుడే వచ్చాడు. ఆయన కూతురు మన చిట్టి ఈడుదే. నేను చెప్పింది చెప్పినట్టే చేశారట. గింజలు నానబెట్టి, నిన్న పొద్దున ఆ నీళ్ళు పారబోసి, గిన్నెలో పడేసి, సన్న సెగ మీద పెట్టి మొగుడూ పెళ్ళాం పనులకి వెళ్ళిపోయారట. వచ్చి, మూత తీసి ముందు పిల్లకి పెట్టారు. కాసేపటికే పిల్లకి వాంతులు. ఆగలేదట. ఇప్పటికీ తల ఎత్తట్లేదట. సెలైన్ ఎక్కిస్తున్నారు."

"అయ్యో, పసిపిల్ల! గింజలు పుచ్చువేమో."

"పుచ్చు కాదు. రాజ్మా సరిగ్గా ఉడక్కపోతే విషమేనని డాక్టరు చెప్పాడట. ముందు పొయ్యి మీద కుతకుత మరిగించి తీరాలట. ఈ గిన్నె సెగ దానికి చాలదట. నాకు తెలియదు అత్తయ్యా! నాకెవరూ చెప్పలేదు!"

"సరే, సరే. చిట్టికి ఏమీ కాదులే."

"మీకెలా తెలుసు?"

"కాదంటే కాదు. ఊరికే బెంబేలు పడకు."

"ఎలా తెలుసని అడుగుతున్నాను!"

"ఇన్నాళ్ళూ తినలేదా ఏమిటి? ఏమన్నా అయిందా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. అదే గింజ, అదే గిన్నె. వాళ్ళ పిల్లకి అలా అయితే మన పిల్లకి ఇన్నాళ్ళూ..."

"ఈ పెట్టెల మధ్య దాక్కున్నావా అమ్మా? ఆయన గిన్నె తెచ్చి నా గల్లాపెట్టె మీద పెట్టుకుని కూర్చున్నాడు. నిన్నే పిలవమంటున్నాడు. ఉన్న జనం ఒక్కొక్కరే జారుకుంటున్నారు."

"ఓనరు గారూ, ఒక్క నిమిషం. ఇంట్లో మా పిల్ల కూడా అదే తిన్నది."

"ఎలా ఉంది?"

"ఆడుకుంటోందట."

"ఇదివరకు తిన్నదా?"

"వారం వారం తింటుంది."

"ఎప్పుడన్నా ఏమన్నా అయిందా?"

"లేదు."

"మరి ఇంకేం కావాలమ్మా మనకి! ఆ ముక్కే ఆయనకి చెప్పు. ఈ గిన్నెలు దేన్ని చూసి కొన్నారు జనం? పెట్టె మీద బొమ్మ చూసా? నీ నోరు చూసి. 'పొద్దున పడేసి వెళ్ళండి, సాయంత్రం మూత తీసి తినడమే, మా ఇంట్లో వారం వారం ఇదే' అన్నావు. వెంటనే కొనేశారు. ఏ మాట సరుకు అమ్మిపెట్టిందో ఆ మాటే ఇప్పుడు మనల్ని గట్టెక్కించాలి."

"పిల్ల ఆసుపత్రిలో ఉందండీ."

"ఉంది. కాదన్నానా? నాకూ కడుపున పుట్టినవాళ్ళున్నారు. కానీ తప్పు మాదేనని మనం చెంపలు వేసుకుంటే ఆ పిల్ల లేచి కూర్చుంటుందా? దుకాణం మూస్తే కూర్చుంటుందా? నువ్వూ నేనూ రోడ్డున పడతాం, వచ్చేది అంతే. ఫోనులో ఎవరు, మీ అత్తగారా? స్పీకరు పెట్టు. పెద్దావిడ నోటితోనే చెప్పిద్దాం."

"వద్దండీ. ఆవిడ కంగారులో ఉంది."

"కంగారులోనే నిజం వస్తుంది. ఇదిగో, స్పీకరు నేనే నొక్కేశాను. రండి బాబుగారూ, ఇటు లోపలికి రండి. ఈ అమ్మాయి ఇంటి మనిషే మాట్లాడుతుంది, మీ చెవులతో మీరే వినండి. నమస్కారం అమ్మగారూ, దుకాణం ఓనర్ని. మీ కోడలు ఆ గిన్నెలో చేసే రాజ్మా మీరు ఎన్నాళ్ళ నుంచి తింటున్నారు?"

"గిన్నె ఇంటికి వచ్చినప్పటి నుంచీ, నాయనా."

"ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"కాలేదు."

"విన్నారుగా బాబుగారూ? మీరు కొన్న గింజల్లోనే ఏదో తేడా..."

"అమ్మాయ్. ఆ పిల్ల తండ్రి అక్కడే ఉన్నాడా?"

"ఉన్నారత్తయ్యా. నా ఎదురుగానే ఉన్నారు."

"ఆ గిన్నెలు ఇంకా ఎవరన్నా కొన్నారా?"

"చాలామంది కొన్నారు. అందరికీ ఈ వంటే చెప్పాను."

"అందరికీనా?"

"తేలికని చెప్పాను. తీరిక లేనివాళ్ళకి పనికొస్తుందని. ఎందుకలా అడుగుతున్నారు?"

"అయితే నేనొకటి చెప్పాలి. నువ్వు కోప్పడకూడదు."

"చెప్పండి అత్తయ్యా, త్వరగా."

"నా పళ్ళ సంగతి నీకు తెలిసిందే కదా. మొట్టమొదటిసారి నువ్వు పెట్టి వెళ్ళినప్పుడు, మధ్యాహ్నం మూత తీసి ఒక గింజ నోట్లో వేసుకున్నాను. నా వల్ల కాలేదు. దాంతో మొత్తం తపేలాలోకి ఒంపి, పొయ్యి మీద పెట్టి, మెత్తగా అయ్యేదాకా మరిగించాను. మళ్ళీ నీ గిన్నెలోనే పోసి మూత పెట్టాను."

"అది మొదటిసారి. తర్వాత?"

"తర్వాత... నువ్వు ఇంటికొచ్చి మూత తీసి ఎంత సంబరపడ్డావు! 'చూశారా, ఎవరి చెయ్యీ పడకుండా వెన్నలా ఎలా అయిందో' అన్నావు. ఆ గిన్నె దండగని అంతకు ముందే నేనన్నందుకు మనకి మాటా మాటా అయింది. మళ్ళీ వంక పెడితే ఏం బాగుంటుంది చెప్పు? నీ ముచ్చట నేనెందుకు చెడగొట్టాలి?"

"అంటే... ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. నువ్వు గుమ్మం దాటగానే. ఇవాళ కూడా."

"స్పీకరు ఆపమ్మా! ముందు ఆ ఫోను ఇలా ఇవ్వు!"

"ఇవ్వను. చిట్టికి ఏమీ కాదు... మా చిట్టికి ఏమీ కాదు. అన్నయ్యగారూ, మీ పాప... నేను అబద్ధం చెప్పి అమ్మలేదండీ. ఒట్టు. మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టే మీకు చెప్పాను."

"బాబూ, ఆ పిల్ల తండ్రివా? దాన్నేమీ అనకు. నోరు మూసుకున్నది నేను. అది సరే, మీ ఇంట్లో అయినా పగలెవరూ ఒక్కసారి మూత తీసి చూడలేదా నాయనా?"

"మా ఇంట్లో పగలు ఎవరూ ఉండరమ్మా. అందుకేగా ఆ గిన్నె కొన్నది."