పెదనాసరయ్య ఏడుపు, ఫోనులో డాక్టరమ్మ

పెదనాసరయ్య ఉండేవాడంట మా అమ్మగారి ఊళ్ళో. తగువులు తీర్చే పెద్దమనిషి. ఆయన కూర్చున్న అరుగు ముందు చెప్పులేసుకోని నడిచేవోళ్ళు కాదనుకో, అంత గౌరవం. అట్టాంటి మనిషికి ఏమైందంటే, తగువు తీర్చేదానికి కూర్చుంటే సాలు, ఏడుపొచ్చేది. మామూలు ఏడుపా? కండవా పిండితే నీళ్ళు కారేయంట. అన్నదమ్ములిద్దరు కొట్టుకోని వచ్చారనుకో, ఈయన ‘ఏందిరా మీ గొడవ’ అని మొదలుపెట్టి, సగంలో వెక్కెక్కి ఏడిసేవాడు. వాళ్ళు బెదిరిపోయి, ‘ఊరుకో మావా, మేం రాజీ పడ్డాంలే, నువ్వూరుకో’ అని ఆయన్నే ఓదార్చి పోయేవోళ్ళు. ఈ సంగతి తెలిసి పక్కూళ్ళ తగువులు గూడా రాసాగినయ్యి. నవ్వుతారేందే? ఆయనకెంత సిగ్గో ఆలోచించండి. అన్నం సయించట్లా, గడ్డం గీయించుకోట్లా, ఆఖరికి వాకిట్లోకి రావటమే మానేశాడంట.

ఆయన పెళ్ళాం సామ్రాజ్యమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. ఏడుపు ఆగలా. అప్పుడు ఊరి ఆసుపత్రి నర్సమ్మ వచ్చి, ఇది మనసుకొచ్చిన బాధ పెద్దమ్మా, మాటలతో నయం సేసే డాక్టరమ్మ గుంటూర్లో ఉంది, ఫోనులో కనపడి మాట్టాడుద్ది అని సెప్పింది. పెదనాసరయ్య మంచం మీంచి లేచాడు సూడు! ‘నన్ను పిచ్చోళ్ళలో కలిపారా? పైగా ఫోనులోనా? నాడి పట్టకుండా, సూదెయ్యకుండా, బొమ్మతో మాట్టాడితే రోగం పోద్దా? ఎండిన సేనుకి వాన బొమ్మ సూపిస్తే పచ్చబడుద్దా?’ అన్నాడంట. సామ్రాజ్యమ్మ తక్కువదా? ‘పోకపోతే పాయె. నీ ఏడుపు నేనొక్కదాన్నే ఎందుకు సూడాలా, ఆమెనీ కాసేపు సూడనీ’ అంది.

సరే, డాక్టరమ్మ మాట్టాడతానన్న రోజొచ్చింది. ఇస్త్రీ పంచె కట్టి, కొత్త కండవా ఏసుకోని కూర్చున్నాడంట, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు. ఫోను మొహానికి ఎంత దగ్గరగా పెట్టాడంటే, పాపం డాక్టరమ్మకి మీసం తప్ప ఏమీ కనపళ్ళా. సూస్తే ఆయన చిన్నకూతురి ఈడు పిల్ల. ఈయన ముందు మణికట్టు తీసుకెళ్ళి ఫోనుకి ఆనించాడు, నాడి సూడమని. ఆ తర్వాత అనుమానమొచ్చి, ‘అమ్మాయ్, నీ ఎనకమాల ఎవురన్నా ఉన్నారా?’ అన్నాడు. ‘ఎవరూ లేరు పెద్దయ్యా, తలుపేసుకున్నాను. మీ వెనకాలే చాలామంది ఉన్నట్టున్నారు’ అందామె. తిరిగి సూస్తే ఏముంది! సామ్రాజ్యమ్మ, ఆమె పక్కన చాటలు పట్టుకోని ఇరుగమ్మ, పొరుగమ్మ. ఒక్కళ్ళ చాటలో గూడా బియ్యం లేవు.

దాంతో రోషమొచ్చి, ఫోను పట్టుకోని ఎవురూ రాకుండా పొలానికి పోయాడు. ‘ఎక్కడ కూర్చున్నారు పెద్దయ్యా?’ అంది డాక్టరమ్మ. సేని గట్టు మీద. ఎవరి చేను? ‘ఇటు పక్కది నాది. అటు పక్కది...’ అని కండవా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ‘అమ్మా, నువ్వు నన్ను సూడమాక’ అని ఫోనుని గడ్డిలో బోర్లా పెట్టి, అటు తిరిగి సెప్పుకున్నాడంట. అటు పక్కది మా తమ్ముడు చిననాసరయ్యదమ్మా. ఈ గట్టు కాడే కొట్టుకున్నాం, మాటల్లేవు. వాడికి ఒంట్లో బాగాలేక, అన్నని ఒక్కసారి రమ్మను అని కబురెడితే, వాణ్ణే రమ్మను అన్నా. మర్నాడు పాడె మీద వచ్చాడు నా వాకిటి ముందుకి. ఊళ్ళో అన్నదమ్ములు నా ఎదురుగ్గా కూర్చుంటే నాకు వాడే కనపడతన్నాడు తల్లీ.

తిరిగి గడ్డి వైపు సూశాడు. ఫోను ఆగిపోయిందేమో అనుకున్నాడు. అప్పుడు గడ్డిలోంచి డాక్టరమ్మ నెమ్మదిగా, ‘ఉన్నాను పెద్దయ్యా. వింటున్నాను’ అంది. ‘నువ్వు ఎదురుగ్గా ఉంటే సచ్చినా సెప్పేవోణ్ణి కాదమ్మా. ఈడ లేవు గాబట్టి సెప్పా’ అన్నాడంట. ఇంక అప్పట్నించీ వారం వారం ఆయనే గట్టు మీదకి పోయేవాడు, ఒకరు గుర్తుసేసేది లేదు.

ఒక వారం డాక్టరమ్మ అడిగింది, ఈ మాట వినాల్సినవాళ్ళు నేను కాకుండా ఇంకెవరైనా ఉన్నారా అని. ఎవురుంటారు? తమ్ముడి పెళ్ళాం తిరపతమ్మే. మధ్యాన్నం పూట ఆమె ఇంటికి పోయాడు. గేటు దాకా పోయాడు. ఎనక్కి తిరిగాడు, మళ్ళీ వచ్చాడు. ఆఖరికి ఏం సేశాడనుకున్నారు? ఇంటెనక్కి పోయి, గోడకి ఆనుకోని కూర్చోని, తిరపతమ్మకి ఫోను కొట్టాడు! ‘అమ్మా, నేను పెద్దబావని. ఆ రోజు వాడు పిలిస్తే రాలేదు. తప్పయ్యింది’ అని. మనోళ్ళకి ఫోనంటే అరవాలనే గదా, ఈది ఈదంతా ఆగి ఇన్నది. తిరపతమ్మా ఇన్నది. కోపం లేదా అంటే ఎందుకుండదు, ఆ రోజు కబురంపింది ఆమేగా. కానీ ముక్కు చీదుకోని, ‘బావగారూ, ఫోను పెట్టేయండి. గోడ మీంచే ఇనపడతంది. లోపలికి రండి, అన్నం పెడతా’ అంది. పోయాడు. తిన్నాడు. ఇద్దరూ బాగా ఏడిసుకున్నారంట.

ఈ సంగతి పాకి ఇప్పుడు మగాళ్ళందరికీ ఇదే అలవాటయ్యింది. మొన్న మా ఇంటాయన గొడ్లసావిట్లోంచి ఫోను సేసి, ‘పొద్దున అరిసినందుకు ఏమనుకోమాక’ అన్నాడు. మనిషి ఎదురుగ్గా ఉంటే ఆ మాట ఏ జన్మకొచ్చుద్దే! అందుకే ఆయన ఫోనుకి చార్జింగు నేనే పెడతన్నా.