నంద్యాల బండిని ఆపిన ఉంగరం

మార్కాపురంలో కొత్త నగల దుకాణం తెరిచినప్పటి నుంచి గిద్దలూరు గురుస్వామి ఆచారికి పని తగ్గిపోయింది. మూడు నెలలుగా కుంపటి వెలిగించే అవసరమే రాలేదు. అందుకే రూతమ్మ తన తల్లి కమ్మలు కొంగున ముడేసుకుని వచ్చి అరుగు మీద కూర్చోగానే ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. కూతురి పెళ్ళికి ఉంగరం చెయ్యాలట. కూలిపనికి పొయ్యే పిల్ల కాబట్టి గట్టిగా ఉండాలట. కానీ అమ్మ పెట్టుకున్న మేలిమి బంగారంలో రాగి కలుపుతారేమోనని ఆమె భయం.

ఉన్నమాట చెబితే ఆమె మార్కాపురం బండెక్కుతుందేమోనని గురుస్వామి భయం. భయమేస్తే ఆయనకు నోరు ఆగదు.

"రాగి ఎందుకు రూతమ్మా? మూసలో మేలిమి కరిగించి, ఇంత వెలిగారం చల్లి, అచ్చులో పోసి, ఎర్రగా ఉన్నప్పుడే నల్లమల ఆకుపసరులో ముంచినా. ఇదిగో, నా వేలికి ఉండేది అదే. గోటితో గీకు, గీత పడదు."

తేనె అమ్ముకోవడానికి కొండ దిగి వచ్చిన నాగులు ఆ ఆకేదో చెప్పమన్నాడు. అది నువ్వు తిరగని కొండలో ఉందిలే అని సర్దేశాడు గురుస్వామి.

"సుత్తితో కొడితే ఏమైందనుకున్నారు? సుత్తి ఎగిరి పక్కింటి పెంకుల మీద పడింది, కింద ఉన్న ఇనప దాగలి రెండు చెక్కలైంది. దీని సంగతేందో చూద్దామని తీసకపోయి రైలు పట్టా మీద పెట్టినా. నంద్యాల బండి వచ్చింది. ఇంజను దీన్నెక్కబోయి, ఎక్కలేక, వెనక్కి జారింది. డ్రైవరు బొగ్గు మీద బొగ్గు ఏసినాడు. ఊహూ, కదిలితేనా?"

స్టేషన్‌లో జెండా ఊపే సంజీవరావు, ఏ బండీ అట్ల ఆగినట్టు తనకు గుర్తులేదని గొణిగాడు. ఆవిరి కమ్మి నీకు కనపడలేదన్నాడు గురుస్వామి.

"అంతటితో అయిపోయిందా? రైలు దొర దిగొచ్చి నా చేతులు పట్టుకున్నాడు. గుంటూరు దాకా వంతెనలన్నీ నీ బంగారంతోనే కడతానన్నాడు. నేనే వద్దన్నా. వంతెనలు కడుతూ కూర్చుంటే మన పిల్లల పెళ్ళిళ్ళకు ఉంగరాలెవరు చేస్తారు?"

అంతలో రూతమ్మ చెయ్యి చాచి ఆ ఉంగరం ఒకసారి ఇమ్మంది. కాదనడానికి వీల్లేక తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కింది. రైలుబండిని ఆపిన ఉంగరం చదునుగా అణిగిపోయింది.

నాగులు పడీపడీ నవ్వాడు. గురుస్వామి తల దించుకున్నాడు. ఈ పని కూడా పోయినట్టే అనుకున్నాడు.

రూతమ్మ మాత్రం నవ్వలేదు. "ఇంత మెత్తగా ఉందంటే దీంట్లో రాగి లేదన్నా. బంగారం దగ్గర నువ్వు మోసం చెయ్యవు, తెలిసింది. ఇప్పుడు నిజం చెప్పు. పిల్ల కలుపు తీసినా వంగకుండా ఉండాలంటే ఏం చెయ్యాల?"

"పదకొండు పాళ్ళ బంగారానికి ఒక పాలు రాగి కలపాలమ్మా. లేకుంటే నెలకే వంకర పోతుంది. నీ కళ్ళ ముందే తూచి కరిగిస్తా, పక్కనే కూర్చో."

రూతమ్మ కొంగు ముడి విప్పి కమ్మలు ఆయన అరచేతిలో పెట్టింది.

"ఈ ముక్క వచ్చీరాంగానే చెప్పింటే నాకు ఒక పూట కూలి మిగిలేది గదన్నా" అంది.